డ్రై సంప్ ఇంజిన్‌కి ఆయిల్ లైన్ ఫిట్టింగులు: ఏ లైన్‌కి ఏది

డ్రై సంప్ అంటే ఆయిల్‌ని ఇంజిన్ అడుగున ఉండే సంప్‌లో కాకుండా విడి ట్యాంకులో ఉంచే పద్ధతి. అది పెట్టాలనుకునేవాళ్లు పంపు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు, ట్యాంకు డ్రాయింగు పదిసార్లు మారుస్తారు. ఫిట్టింగుల దగ్గరకొచ్చేసరికి మాత్రం "అన్నా, డాష్ 10 సెట్ మొత్తం తెప్పించేయనా?" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. డాష్ అంకె అంటే గొట్టం, ఫిట్టింగు సైజు, దాని లెక్క కింద చెప్తాను. ఈ ప్రశ్న మా షెడ్డుకి వచ్చే కాలేజీ పిల్లలూ అడుగుతారు, సొంత ట్రాక్ కారు కట్టుకునే పెద్దవాళ్లూ అడుగుతారు. నా సలహా ఒక్కటే. సెట్‌గా కొనకండి. ఈ ఇంజిన్లో ప్రతి లైనూ చేసే పని వేరు. డబ్బు పెట్టాల్సిన లైన్లు కొన్ని, మామూలు సరుకుతో సరిపెట్టుకోగలిగినవి కొన్ని.

ముందు ఏ లైను ఏం చేస్తుందో చూద్దాం. సంప్ నుంచి ఆయిల్‌ని, దానితో పాటు బోలెడంత గాలిని, లాగేసేవి స్కావెంజ్ లైన్లు. ఆ నురుగుని పంపు నుంచి ట్యాంకుకి చేర్చేది రిటర్న్. ట్యాంకు అడుగు నుంచి ప్రెషర్ పంపుకి ఆయిల్ ఇచ్చేది ఫీడ్. పంపు నుంచి ఫిల్టర్, కూలర్ మీదుగా ఇంజిన్లోకి వెళ్లేది ప్రెషర్ లైను. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ విప్పినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. అందులో ఆయిల్ క్రాంక్‌కేస్‌లోనే వేరే గదిలో ఉంటుంది. ఒక పంపు ఇస్తుంది, ఇంకొకటి తిరిగి లాగుతుంది. మన కారులో ఆ గది బయటికొచ్చి ట్యాంకు అయింది, మధ్యలో గొట్టాలు వచ్చాయి. గొట్టాలతో పాటు అతుకులూ వచ్చాయి.

ఆ అతుకుల్లో భయపడాల్సింది కారేవాటికి కాదు. ప్రెషర్ లైను కారితే నేల మీద మరక కనిపిస్తుంది, వాసన వస్తుంది, బండి ఆపుతాం. ఫీడ్, స్కావెంజ్ లైన్లలో సందు ఉంటే బయటికి చుక్క కూడా రాదు, గాలే లోపలికి పోతుంది. కొబ్బరిబోండంలో వేసిన స్ట్రాకి పైన చిన్న చిల్లు పడితే నీళ్లకి బదులు గాలి వచ్చినట్టే. ఫీడ్‌లో అలా గాలి దూరితే అది నేరుగా బేరింగుకి వెళ్తుంది. నేను చూసిన ఒక కారులో ఎత్తు ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ ముల్లు వణికేది. పంపు మార్చారు, రిలీఫ్ స్ప్రింగు మార్చారు, ఆయిల్ గ్రేడు మార్చారు. చివరికి తేలింది ఏమిటంటే, ట్యాంకు కింద గొట్టానికి బిగించిన స్క్రూ క్లిప్పు దగ్గర సందు ఉంది. బయట అంతా పొడిగా ఉండటంతో అక్కడ ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఫీడ్ లైను: మొదటి డబ్బు ఇక్కడే

పంపు ఆయిల్‌ని లాగుతుంది అంటాం కానీ, నిజానికి ట్యాంకులోని ఆయిల్‌ని పంపులోకి తోసేది గాలి ఒత్తిడే. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ దాదాపు 95. అంటే మన దగ్గరున్న తోపుడు బలం మొత్తం ఒక బార్ (100 కిలోపాస్కల్) కూడా లేదు. గొట్టంలో, ఎల్బోలో, మెష్‌లో పోయే ప్రతి ఒత్తిడీ అందులోంచే పోవాలి. ప్రెషర్ వైపు అయితే పంపు ఇంకాస్త గట్టిగా తోసి సరిచేస్తుంది. ఈ వైపు ఆ సౌకర్యం లేదు. ఒత్తిడి మరీ పడిపోతే ఆయిల్లో కలిసి ఉన్న గాలి బుడగలై విడిపోతుంది, పంపు సగం బుడగలనే తిప్పుతుంది.

సైజు సంగతి కూడా ఇక్కడే తేలాలి. డాష్ అంకె అంటే అంగుళంలో పదహారో వంతులు. డాష్ 8 అర అంగుళం, డాష్ 12 ముప్పావు. మన బజారు లెక్కలో డాష్ 8 నాలుగు సూతులు, డాష్ 10 అయిదు సూతులు. అయితే ఈ కొలత పాతకాలంలో ఆ ఫిట్టింగుకి తగిలించే లోహపు ట్యూబు బయటి కొలత. రేసింగ్ గొట్టం లోపలి రంధ్రం దానికంటే తక్కువే ఉంటుంది. డాష్ 10 గొట్టంలో సుమారు 14.2 మిల్లీమీటర్లు, డాష్ 12లో సుమారు 17.5. తేడా చూడ్డానికి మూడు మిల్లీమీటర్లే. కానీ చిక్కటి ఆయిల్ నెమ్మదిగా పారేటప్పుడు దానికి ఎదురయ్యే అడ్డు, రంధ్రం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. అందుకే డాష్ 12లో అదే పొడవుకి, అదే ప్రవాహానికి ఒత్తిడి నష్టం డాష్ 10లో పోయేదాంట్లో సగం కూడా ఉండదు. నిమిషానికి 30 లీటర్లు పోతుంటే డాష్ 10లో వేగం సెకనుకి 3.2 మీటర్లు, డాష్ 12లో 2.1. జనవరి తెల్లవారుజామున, పన్నెండు డిగ్రీల చలిలో 20డబ్ల్యూ-50 పోసి స్టార్ట్ చేసినప్పుడు ఈ తేడా గేజి మీద కనిపిస్తుంది.

ఒక సిలిండరు ఇంజిన్‌కి ఫీడ్ డాష్ 10, నాలుగు సిలిండర్లకి డాష్ 12, పెద్ద వీ8 అయితే డాష్ 16 నుంచి ఆలోచించడం మొదలుపెట్టండి. పంపు పోర్టు దీనికంటే పెద్దదైతే పోర్టు మాటే వినాలి. పోర్టుకంటే చిన్న ఫీడ్ ఎప్పుడూ పెట్టొద్దు.

ఇక ఎల్బో. 90 డిగ్రీల ఎల్బోలు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి ఫోర్జ్ చేసిన దిమ్మెలో రెండు వైపుల నుంచి రంధ్రం తొలిచి మధ్యలో కలిపినది. లోపల పదునైన మూల ఉంటుంది. రెండోది ట్యూబుని నున్నగా వంచి చేసినది. మొదటిది పొట్టిగా ఉంటుంది, ఇరుకు చోట పడుతుంది, చాలాసార్లు చవక కూడా. రెండోదానికి చోటు కావాలి. ఫీడ్, స్కావెంజ్ లైన్లలో వంచిన ట్యూబు ఎల్బోనే వేయండి. ఎల్బో అవసరమే రాకుండా ట్యాంకు బంగ్‌ని (ఫిట్టింగు బిగించడానికి ట్యాంకుకి వెల్డ్ చేసే మర ముక్కని) పంపు వైపు తిప్పి వెల్డ్ చేయించుకోగలిగితే ఇంకా మేలు, కాబట్టి ట్యాంకు వెల్డింగుకి ఇచ్చేముందే లైన్లు ఎటు పోతాయో గీసుకోండి. ప్రెషర్ వైపు చోటు లేకపోతే ఫోర్జ్‌డ్ ఎల్బో ఒకటి వేసుకున్నా నష్టం లేదు.

గొట్టం మరో పెద్ద విషయం. ప్రెషర్‌కి తట్టుకునే గొట్టం సక్షన్‌కి తట్టుకుంటుందని అనుకోకూడదు. గొట్టం మీది స్టీలు జాలీ పేలకుండా కాపాడుతుంది, లోపలికి ముడుచుకోకుండా కాదు. లోపలి రబ్బరు పొర జాలీ నుంచి ఊడి వాలిపోతే బయట నుంచి గొట్టం కొత్తదానిలాగే ఉంటుంది. కొనేటప్పుడు వ్యాక్యూమ్ రేటింగు అడగండి. అది సాధారణంగా పాదరసం అంగుళాల్లో ఉంటుంది. సైజు పెరిగేకొద్దీ చాలా గొట్టాల్లో ఈ రేటింగు తగ్గుతుంది. తక్కువైతే లోపల స్ప్రింగు వేసే రకం, లేదా గోడలోనే తీగ చుట్టిన రకం తీసుకోండి. బాలానగర్, జీడిమెట్ల వైపు హైడ్రాలిక్ హోసు దుకాణాల్లో ఆర్4 అని దొరికేది సక్షన్ కోసమే చేసిన గొట్టం, ముప్పావు అంగుళం నుంచి మొదలవుతుంది. పని చేస్తుంది, కానీ గొట్టం మీద అచ్చు వేసిన ఉష్ణోగ్రత చదవండి. 100 డిగ్రీలే అని ఉంటే, మే నెల ఎండలో ట్రాక్ మీద 120 దాటే ఆయిల్‌కి అది చాలదు.

మరల గొడవ

హైదరాబాద్‌లో ఫిట్టింగులు వెతికేవాళ్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. రాణిగంజ్‌లో కౌంటర్ మీద ఒకే ట్రేలో నాలుగు రకాల మరలు పడి ఉంటాయి. చేతికి దాదాపు ఒకేలా ఉంటాయి.

ఏఎన్ (విమానాల ప్రమాణం), జేఐసీ (హైడ్రాలిక్ యంత్రాల ప్రమాణం) రెండూ కోన్ మీద కోన్ ఆనుకుని సీలు అయ్యే ఫ్లేర్ రకాలు. రెండిటికీ కోన్ కోణం 37 డిగ్రీలే, మర కొలతలూ ఒకటే. డాష్ 8 కి 3/4-16, డాష్ 10 కి 7/8-14, డాష్ 12 కి 1 1/16-12. ఏఎన్ మర ఇంకాస్త బిగువైన కొలతకి కోస్తారు, అంతే తేడా. విమానానికి ఆ తేడా ముఖ్యం. మన ఇంజిన్లో ఏడెనిమిది బార్లకి హైడ్రాలిక్ దుకాణంలో దొరికే స్టీలు జేఐసీ ఫిట్టింగు నిక్షేపంగా సరిపోతుంది. ఇంపోర్టెడ్ అల్యూమినియం కోసం వారాలు ఎదురుచూడలేనివాళ్లకి ఇది నిజమైన ప్రత్యామ్నాయం. బరువు ఎక్కువ, రంగు ఉండదు, మర మాత్రం గట్టిది.

ఏసీ, ఫ్రిజ్ పనుల్లో వాడే ఇత్తడి ఫ్లేర్ ఫిట్టింగులతో జాగ్రత్త. వాటి కోణం 45 డిగ్రీలు. అర అంగుళం, అయిదు సూతుల సైజుల్లో వాటి మరలు కూడా 3/4-16, 7/8-14 లే కాబట్టి నట్టు చక్కగా ఎక్కుతుంది, బిగుస్తుంది కూడా. కోన్లు మాత్రం సన్నటి గీత మీదే ఆనుకుంటాయి. అనుమానం వస్తే కోన్ మీద మార్కర్‌తో రంగు పూసి, చేత్తో బిగించి విప్పి చూడండి. చుట్టూ వెడల్పాటి పట్టీలా రంగు చెరిగితే సరైన జోడీ. అంచున ఒక్క గీత చెరిగితే పక్కన పెట్టేయండి.

ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర), బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర) గొడవ ఇంకా పెద్దది. మన దగ్గర నీళ్ల పైపుల నుంచి కంప్రెసర్ల దాకా నడిచేది ఎక్కువగా బీఎస్‌పీ. బయట నుంచి వచ్చే పంపులు, ఫిల్టర్ హెడ్లలో చాలావాటికి ఎన్‌పీటీ ఉంటుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండిటికీ అంగుళానికి 14 మరలే. ఎన్‌పీటీ మర పళ్ల కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. మూడు నాలుగు చుట్లు హాయిగా తిరుగుతాయి, తర్వాత పట్టేస్తాయి, టేపు చుట్టినా గాలి లాగుతూనే ఉంటాయి. థ్రెడ్ గేజి కొనుక్కోండి. రెండు కోణాలదీ.

అల్యూమినియం సంప్‌లో, పంపు బాడీలో కొత్తగా మర కోయించే అవకాశం మీ చేతిలో ఉంటే ఎన్‌పీటీ వద్దు. కొస వైపు సన్నబడే ఆ మర బిగించేకొద్దీ చీలలా విచ్చదీస్తుంది, పోతపోసిన గోడ పగలొచ్చు. పైగా ఎల్బో సరైన దిక్కుకి వచ్చి ఆగుతుందన్న నమ్మకం లేదు. ఓఆర్‌బీ పోర్టు కోయించండి. అంటే సూటి మర, మొదట్లో ఓరింగు కూర్చునే ఏటవాలు. సీలు చేసేది రబ్బరు, మర కేవలం పట్టుకుంటుంది. సక్షన్ వైపుకి ఇంతకన్నా నమ్మకమైనది నేను చూడలేదు. దీని మర కొలత అదే డాష్ ఏఎన్ మరతో సమానం కాబట్టి, ఓఆర్‌బీ పోర్టులోకి మామూలు ఏఎన్ ఫిట్టింగు కూడా ఎక్కేస్తుంది, ఓరింగు లేకుండా. అలా బిగించినది ఏదీ సీలు కాదు, ఓరింగు ఉన్న ఓఆర్‌బీ-ఏఎన్ అడాప్టరే వాడాలి. ఓరింగులు మామూలు నైట్రైల్‌వి కాకుండా వైటన్‌వి అడగండి. నైట్రైల్ 120 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది, వైటన్ 200 దాకా నిలబడుతుంది. రెండిటి ధరలో తేడా ఇంజిన్ ఖర్చులో లెక్కలోకి రాదు.

ఉన్న పోర్టు సూటి బీఎస్‌పీ అయితే భయం లేదు. మెషీన్ చేసిన చదును ముఖం ఉంటే డౌటీ వాషర్ (లోపలి అంచున రబ్బరు ఉన్న లోహపు వాషర్) వేసి బిగించండి, బాగా సీలు అవుతుంది.

ట్యాంకు బంగుల విషయంలో కూడా ఇదే మాట. మగ ఏఎన్ చివర ఉన్న బంగ్ నేరుగా వెల్డ్ చేస్తే వేడికి కోన్ వంగొచ్చు, తర్వాత మర దెబ్బతింటే ట్యాంకే కోయాలి. ఆడ ఓఆర్‌బీ బంగ్ వెల్డ్ చేసి అడాప్టర్ బిగిస్తే, దెబ్బతిన్నది అడాప్టరే, మార్చేయొచ్చు.

గొట్టం చివర పట్టు

మెషీన్‌తో నొక్కి పట్టించే క్రింపా, విప్పి మళ్లీ బిగించుకునే రీయూజబులా, తోసి ఎక్కించే పుష్ రకమా?

పుష్ రకం గురించి త్వరగా చెప్పేస్తాను. ట్యాంకు గాలిని బయటికి వదిలే బ్రీదర్ లైన్‌కి సరే. ప్రెషర్‌కి తయారీదారు రేటింగు ఇస్తే సరే. ఫీడ్, స్కావెంజ్‌లకి వద్దు. స్క్రూ క్లిప్పులు ప్రెషర్, ఫీడ్, స్కావెంజ్ లైన్లలో ఎక్కడా వద్దు.

క్రింప్ పక్కాగా ఉంటుంది, చవక, వేగంగా అయిపోతుంది. నగరంలో జేసీబీలకి హోసులు వేసే దుకాణం ప్రతిదానిలో మెషీన్ ఉంది. అయితే రెండు షరతులు. గొట్టం, సాకెట్ (బయటి తొడుగు), నిప్పెల్ (గొట్టంలోకి దూరే ముక్క) ఒకే తయారీదారువి, ఒకే రకానికి చెందినవి అయి ఉండాలి, క్రింప్ వ్యాసం వాళ్ల చార్టు ప్రకారం ఉండాలి. రెండోది, పొడవు, ఎల్బోల కోణం బండి మీద కొలిచాకే చేయించాలి, ఎందుకంటే తర్వాత తిప్పడానికి ఉండదు. హైడ్రాలిక్ ఆర్1, ఆర్2 గొట్టాల్లో డాష్ అంకె లోపలి రంధ్రానిదే అని కూడా గుర్తుంచుకోండి. అందుకే అక్కడి డాష్ 10 గొట్టంలో 15.9 మిల్లీమీటర్లు దొరుకుతుంది, రేసింగ్ గొట్టం కంటే ఎక్కువ. ఒత్తిడికి అది వంద బార్లకు పైనే తట్టుకుంటుంది, మనకి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. కానీ మందం ఎక్కువ, వంగదు, చాలావాటికి ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలే.

రీయూజబుల్ మాత్రం కారు ఇంకా రూపు మారుతూ ఉన్నవాళ్లకి. ఫార్ములా భారత్ లాంటి పోటీకి కోయంబత్తూర్ వెళ్లే కాలేజీ టీములు చివరి వారంలో కూడా ట్యాంకు జరుపుతాయి. అప్పుడు గొట్టం కోసి అదే ఫిట్టింగు మళ్లీ ఎక్కించుకోవచ్చు. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గొట్టానికి, రబ్బరు గొట్టానికి ఫిట్టింగులు వేరు. పీటీఎఫ్ఈ దాంట్లో చిన్న ఆలివ్ రింగు ఉంటుంది. ఒకదానిది ఇంకొకదానికి బిగించినా మొదట్లో నిలిచినట్టే ఉంటుంది, వేడెక్కాక జారుతుంది. పీటీఎఫ్ఈ వేడికి చాలా గొప్పది, 200 డిగ్రీలు దాటినా ఏమీ కాదు. కానీ పెద్ద సైజుల్లో మొండిగా ఉంటుంది, ఎక్కువ వంచితే మడతపడుతుంది, పడిన మడత మళ్లీ పోదు. ఎగ్జాస్ట్ పక్కగా వెళ్లే ప్రెషర్ లైన్‌కి అది, పెద్ద సక్షన్ లైన్లకి వ్యాక్యూమ్ రేటింగు ఉన్న రబ్బరు అని నేను విడదీస్తాను.

స్కావెంజ్, రిటర్న్, ప్రెషర్

స్కావెంజ్ లైన్లకి ఫీడ్ నియమాలే. ఒక సిలిండరుకి డాష్ 8, నాలుగు సిలిండర్లకి డాష్ 10 సాధారణంగా సరిపోతాయి. ప్రతి స్కావెంజ్ ముందూ జాలీ ఉన్న ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టండి. బేరింగు ముక్క పంపు గేర్లలోకి పోకుండా ఆగుతుంది, పైగా ఏ గదిలోంచి ముక్కలు వస్తున్నాయో తెలుస్తుంది. రిటర్న్ లైన్‌లోకి అన్ని స్కావెంజ్‌ల ఆయిలూ, గాలీ కలిసి వస్తాయి కాబట్టి ఒక సైజు పెద్దది వేయండి.

ప్రెషర్ లైను అన్నిటికన్నా తేలిక. డాష్ 8 లేదా 10, ఏ మంచి ఫిట్టింగైనా. చోటు ఇరుకైన చోట బాంజో (బోలు బోల్టుతో బిగించే ఉంగరం లాంటి ఫిట్టింగు) కూడా పనికొస్తుంది, పాత బుల్లెట్ హెడ్‌కి బయట నుంచి వెళ్లే సన్న పైపుకి ఉండేది అదే. విప్పిన ప్రతిసారీ కొత్త రాగి వాషర్లు వేయాలి. అయితే బాంజో బోల్టు లోపలి అడ్డరంధ్రాలు చిన్నవి, అందుకే మెయిన్ లైన్‌కి కాకుండా టర్బో, రాకర్ల లాంటి చిన్న శాఖలకే.

పానా లేకుండా చేత్తోనే విప్పే క్విక్ కప్లింగులు అందంగా ఉంటాయి. వారాంతంలో రెండుసార్లు ఇంజిన్ దించే టీముకి అవసరమే. మిగతావాళ్లు ఆ డబ్బుతో మంచి ఫీడ్ గొట్టం కొనుక్కోవచ్చు. ఫీడ్ లైన్లో మూసే వాల్వు కూడా అడుగుతుంటారు, బండి నిలిపినప్పుడు ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా సంప్‌లోకి దిగకుండా. అది మూసి ఉండగా స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోయినట్టే. వాల్వు తెరిస్తేనే ఇగ్నిషన్ వచ్చేలా స్విచ్చు కలపగలిగితేనే పెట్టండి.

కొనేముందు, బిగించేముందు

చవక అల్యూమినియం ఫిట్టింగులన్నీ చెడ్డవని అనను. కానీ ఎరుపు నీలం రంగులు చూసి కొనొద్దు. వెర్నియర్ తీసుకెళ్లి లోపలి రంధ్రం కొలవండి. బయట డాష్ 12 అని ఉండి లోపల మధ్యలో సన్నబడ్డవి కౌంటర్ మీదే బయటపడతాయి. వెలుతురుకి పట్టి చూస్తే కోత తర్వాత మిగిలిన లోహపు పొరలు కనిపిస్తాయి, అవి బేరింగులోకి పోయే సరుకు. స్టీలు ఫిట్టింగులైతే మరల మీద తుప్పు చూడండి.

కోసిన గొట్టం లోపల ఎప్పుడూ తీగ ముక్కలు, రబ్బరు పొడి ఉంటాయి. కిరోసిన్‌తో కడిగి, కంప్రెసర్ గాలితో రెండు వైపుల నుంచీ ఊదండి. అల్యూమినియం మరలకి చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి బిగించండి, లేకపోతే మర పట్టేసి చెడుతుంది. ఫ్లేర్ మీదా, ఓరింగు ఫిట్టింగుల మీదా టెఫ్లాన్ టేపు వద్దు. ఎన్‌పీటీ తప్పనిసరైతే పేస్టు సీలెంట్ వాడండి. టేపు పీలిక ఒకటి ఊడితే చాలు, పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే సన్న జెట్ మూసుకుపోతుంది.

ఇంజిన్ తిప్పేముందు ఫీడ్, స్కావెంజ్ లైన్లని బండి మీదే వ్యాక్యూమ్ పరీక్ష చేయండి. బ్రేకులు బ్లీడ్ చేసే చేతి వ్యాక్యూమ్ పంపు చాలు. పంపు పోర్టు నుంచి విప్పిన చివర మూసి, రెండో చివర ఆ చేతి పంపు తగిలించి 25 పాదరసం అంగుళాల దాకా లాగండి. హైదరాబాద్‌లో గేజి 28 దాటదు, 30 రాలేదని పంపుని అనుమానించకండి. అయిదు నిమిషాలు ముల్లు కదలకూడదు. అప్పుడే గొట్టాన్ని చేత్తో తడిమి చూడండి, ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపిస్తే ఆ గొట్టం సక్షన్‌కి పనికిరాదు. నిలిచాక ప్రతి నట్టు మీదా పెయింటు గీత పెట్టండి. మొదటిసారి ఆయిల్ పూర్తిగా వేడెక్కి చల్లారిన తర్వాత ఆ గీతలు కదిలాయేమో చూసి, కదిలినవాటినే మళ్లీ బిగించండి.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తున్నట్టయితే ఫీడ్ సైజులో ఒక సూటి ఫిట్టింగు, ఒక ఎల్బో, రెండు మీటర్ల గొట్టం, గుప్పెడు వైటన్ ఓరింగులు విడిగా పెట్టుకెళ్లండి. ఆదివారం పూట అక్కడ డాష్ 12 ఎల్బో దొరకడం కష్టం.